తొమ్మిది మంది పిల్లల ఇంట్లో పండుగ

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యతీమ్ పిల్లల పోషణ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. పోషణ అంటే తిండి, బట్ట, బడి ఫీజు, మందులు. వాటి లెక్కలు ఆడిటరుగారు చదివారు. మేము మళ్ళీ చదవనక్కర్లేదు. మేము పండుగ గురించి మాట్లాడతాం. ఎందుకంటే, మామూలు రోజుల్లో కన్నబిడ్డకూ పెంచిన బిడ్డకూ తేడా పెద్దగా కనబడదు. అదే బడి, అదే పప్పు, అవే తిట్లు. తేడా బయటపడేది పండుగ రోజున. ఎవరి నాన్న ఎవరిని వేలు పట్టుకుని ఈద్గాహ్‌కు తీసుకెళ్తున్నాడో అందరికీ కనబడేది ఆ ఒక్క పూటే. నిరుడు ఈద్‌కు అమ్మ ఏం వండిందో పిల్లకు గుర్తొచ్చేదీ ఆ పూటే.

మా సంగతి కొద్దిగా చెప్పాలి. మేము కన్నవాళ్ళు ఇద్దరు. మా ఇంటికి వచ్చి పెరిగినవాళ్ళు ఏడుగురు. బందరు నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్ళు మొదటివాళ్ళు. తర్వాత గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఒక దూదేకుల పిల్లవాడు, పెడన నుంచి ఒక అమ్మాయి. ఆ అమ్మాయి తల్లి కలంకారీ అచ్చులు వేసే పనికి వెళ్ళేది. విజయవాడ రైల్వే స్టేషన్లో దొరికి, బాలల సంక్షేమ కమిటీ ద్వారా మా దగ్గరికి వచ్చిన అబ్బాయి ఒకడు. మా వీధిలోనే తల్లి పోయిన ఒక హిందూ పిల్లవాడు. ఆఖరిది వించిపేటలో పుట్టిన పాప, మా ఇంటికి వచ్చేనాటికి దాని వయసు నలభై రోజులు. ఇరవై ఏళ్ళలో ఒక్కొక్కరుగా వచ్చారు. ఒక్కసారే వచ్చి ఉంటే మా ఇద్దరి జీతాలు కాదు కదా, మా ఇద్దరి ఓపికా సరిపోయేది కాదు.

ఈ అలవాటు మా తరంతో మొదలు కాలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మేము ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్లలం. ఒక్క రాత్రిలో వేల మంది పోయారు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన పిల్లల్ని బంధువులు తీసుకున్నారు, బంధువులు లేనిచోట తెలిసినవాళ్ళు తీసుకున్నారు, కొన్నిచోట్ల ఎవరో కూడా తెలియనివాళ్ళు తీసుకున్నారు. మా పెద్దల ఇంట్లో అలా ఒక కుర్రవాడు పెరిగాడు. ఇప్పుడాయన తాత అయ్యాడు. మా పిల్లలందరికీ ఆయన ‘తుఫాను మామూ’. ఈద్ నాడు ఆయన రాకపోతే మా ఇంట్లో షీర్ ఖుర్మా గిన్నె మూత తీయరు. ఆ నియమం ఎవరు పెట్టారో మాకే గుర్తులేదు. పిల్లలు మాత్రం అది షరీఅత్‌లోనే ఉందన్నట్టు పాటిస్తారు.

ఇక్కడ ధర్మం సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాతల్లో చాలామంది మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే: మనలో దత్తత లేదు కదా? నిజమే, పిల్లవాడి తండ్రి పేరు చెరిపేసి మన పేరు పెట్టుకునే దత్తత లేదు. దివ్య ఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరాలో ఈ విషయం తేటగా ఉంది. పెంచిన పిల్లల్ని వాళ్ళ తండ్రుల పేరుతోనే పిలవాలి. హజ్రత్ జైద్ (రజి) విషయంలో జరిగిందీ అదే. కానీ లేనిది దత్తత మాత్రమే. సంరక్షణ ఉంది. దాన్ని కఫాలా అంటారు. తండ్రి ముఖం చూడకుండా పుట్టి, ఆరేళ్ళకే తల్లిని కూడా పోగొట్టుకున్న ప్రవక్త (స) ను తాతగారు పెంచారు, ఆ తర్వాత తండ్రి సోదరుడు అబూ తాలిబ్ పెంచారు. యతీమ్‌ను సంరక్షించినవాడు స్వర్గంలో తనకు ఎంత దగ్గరగా ఉంటాడో రెండు వేళ్ళు చూపి చెప్పిన ప్రవక్త (స) ఉమ్మత్‌లో ఉండి, ‘మనలో లేదు’ అని ఒక్క మాటతో తలుపు వేసుకోవడం మాకు సబబుగా తోచదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో దత్తతతో పాటు కఫాలా పేరు కూడా రాశారు. 1992లో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. మొరాకోలో 2002లో దీని కోసం ప్రత్యేక చట్టమే చేసుకున్నారు. అంటే ఇది మూలకు పడిన పాత మాట కాదు.

తండ్రి పేరు ఉంచడం పుస్తకంలో ఒక నియమం. ఇంట్లో అది పండుగ నాటి సంగతి. ఈద్ నమాజు అయ్యాక మున్సిపల్ స్టేడియం బయట పరిచయస్థులు కనబడతారు. ‘ఈ బాబు ఎవరి అబ్బాయి?’ అని అడుగుతారు. వాడి తండ్రి పేరు చెప్పి, ‘ఆయన అబ్బాయి, మా ఇంట్లో ఉంటాడు’ అంటాం. వాడి ముందే అంటాం. ఇరవై ఏళ్ళుగా బళ్ళో హాజరుపట్టీ పిలిచే వృత్తిలో ఉన్నాం. తండ్రి పేరు పైకి చదివేటప్పుడు తల వంచుకునే పిల్లలెవరో మాకు బాగా తెలుసు. మా ఇంటి పిల్లలు తల వంచుకోరు. వాళ్ళ నాన్న పేరు ఈద్ రోజున నలుగురిలో వినబడింది కనుక.

పిలుపుల విషయంలో మేము ఒకే పద్ధతి పెట్టలేదు. అక్కాతమ్ముళ్ళకు తల్లిదండ్రులు బాగా గుర్తున్నారు, వాళ్ళు మమ్మల్ని ఖాలా, ఖాలూ అంటారు. దూదేకుల పిల్లవాడి ఇంట్లో ఉర్దూ లేదు, అంతా తెలుగే. వాడికి మేము అత్త, మామ. నలభై రోజుల పాపకు మాత్రం అమ్మీ, అబ్బా. వినేవాళ్ళకు ఇదేదో సంతలా ఉంటుంది. మాకు అలవాటైపోయింది.

ఇక రంజాన్. పెద్ద కుటుంబంలో సహరీకి లేపడమే ఒక ఉద్యోగం. మా ఇంట్లో అది వంతుల వారీగా నడుస్తుంది. ఎవరి వంతు వచ్చిన రోజు వాళ్ళు అందరికన్నా పావుగంట ముందు లేచి, గిన్నె మీద గరిటెతో కొడతారు. ఆ గిన్నెకు సొట్టలు పడ్డాయి, మార్చనివ్వరు. చిన్నవాళ్ళు సగం ఉపవాసం ఉంటారు. మధ్యాహ్నం దాకా ఒకటి, మర్నాడు మధ్యాహ్నం నుంచి ఇంకొకటి, రెండూ కలిపితే ఒకటి అని వాళ్ళ లెక్క. ఆలిములెవరూ ఒప్పుకోని లెక్క అది, మేము దిద్దడం లేదు. ఆఖరి పది రోజుల్లో పంజా సెంటరు సందడి చూడటానికి ఒక రాత్రి అందరం నడిచి వెళ్తాం. ఒక్క రాత్రే. తొమ్మిది మందిని ఆ గుంపులో లెక్కపెట్టుకుంటూ తిరగడం రెండో రాత్రికి సాధ్యం కాదు.

ఈద్ వంట గురించి కొంచెం ఎక్కువ చెబుతాం, ఎందుకంటే మా ఇంటి పండుగ నిలబడింది వంటింట్లోనే. పెడన అమ్మాయి వచ్చిన మొదటి ఈద్‌కు షీర్ ఖుర్మా ముట్టలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల. కోపమా అంటే కాదు, ఏడుపా అంటే కాదు. సాయంత్రానికి చెప్పింది: మా అమ్మ ఇలా చెయ్యదు, సేమియాలో తాటిబెల్లం, కొబ్బరికోరు వేస్తుంది, పాలు ఆఖర్న పోస్తుంది. ఆ రాత్రే తాటిబెల్లం వెతికి తెచ్చి, ఆ పిల్ల స్టూలు మీద నిలబడి చెబుతుంటే వండాం. బెల్లం వేడిగా ఉండగా పాలు పోస్తే విరిగిపోతాయి, దించి ఆరనివ్వాలి అని కూడా ఆ పిల్లే చెప్పింది. ఆ తల్లి వంట కూతురి నోట అంత వివరంగా మిగిలి ఉంది. మర్నాటి ఏడు నుంచి అది పద్ధతి అయింది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తాము పుట్టిన ఇంటి వంటకం ఒకటి ఈద్ రోజున పళ్ళెంలోకి తేవాలి. దూదేకుల పిల్లవాడికి రంజాన్ అంటే గారెలు, పాయసం. బందరు అక్కాతమ్ముళ్ళు లడ్డూ అన్నారు. అది ఇంట్లో చేసేంత నేర్పు మాకు లేదు, బందరు నుంచి వచ్చే బస్సులో తెప్పిస్తాం. స్టేషన్లో దొరికిన అబ్బాయికి ఏ వంటా గుర్తులేదు. వాడు రెండేళ్ళు ఆలోచించి, ‘నా వంట ఉప్మా’ అన్నాడు. ఎందుకురా అంటే, స్టేషన్ నుంచి తీసుకెళ్ళిన రోజున మొట్టమొదట వేడిగా పెట్టింది అదేనట. ఈద్ నాడు మా ఇంట్లో బిర్యానీ పక్కన ఉప్మా ఎందుకుంటుందని చుట్టాలు నవ్వుతారు. ఉంటుంది.

ఈ మాటల మధ్యనే ఇంకొకటి చెప్పాలి. 1989 నుంచి మన స్టేషన్లో ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తున్నవారు నవజీవన్ బాలభవన్ వారు. క్రైస్తవ గురువులు మొదలుపెట్టిన సంస్థ. పిల్లవాడి మతం అడిగాక అన్నం పెట్టేవాళ్ళు కాదు. మన పిల్లలు కూడా ఎందరో ఆ నీడకు చేరి ఉంటారు. దాతలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బట్టల సంగతికి వద్దాం. ఇది దాతలకు సూటిగా తగిలే విషయం, మన్నించాలి. వస్త్రలతలో తాను కొంటే చౌక. ఒకే తానులో ఇరవై మంది పిల్లలకు కుర్తాలు కుట్టించవచ్చు. దాత కోణంలో అది పొదుపు, తప్పు పట్టడానికి లేదు. కానీ ఈద్గాహ్‌లో వరుసగా ఇరవై మంది ఒకే గళ్ళ బట్టలో కూర్చుంటే, ఆ బట్ట ఒక ముద్ర. వెనక వరుసలో ఎవరో ‘యతీమ్‌ఖానా పిల్లలు’ అంటారు. జాలితోనే అంటారు. పిల్లవాడి చెవిలో పడేది మాత్రం ఆ పేరే. మా ఇంటికి కూడా ఒకసారి ఒక సంస్థ వారు ఏడు జతలు తెచ్చారు, అన్నీ ఒకే రంగు. లెక్క చూడండి, తొమ్మిది కాదు, ఏడు. మేము కన్న ఇద్దరినీ వదిలేసి ఇచ్చారు. ఇంటి మధ్యలో గీత గీసినట్టయింది. దాంతోపాటు ఈద్ రోజు పదింటికి ఫొటోకు అందరూ సిద్ధంగా ఉండాలన్నారు. ఆ పదింటికి మా పిల్లలు అప్పుడే నమాజు నుంచి వచ్చి, ఈదీ కవర్లు విప్పుకుంటూ ఉంటారు. మేము మర్యాదగానే వద్దన్నాం.

అదే డబ్బుతో పిల్లవాణ్ణి బీసెంట్ రోడ్డుకు తీసుకెళ్ళండి. ఒక్కడినే. నాలుగు కొట్లు తిప్పండి. వాడు ఎంచుకున్న రంగు మీకు నచ్చదు, ఖాయం. మా రెండోవాడు వరుసగా మూడేళ్ళు చిలకపచ్చ చొక్కానే కొన్నాడు. ఎంచుకోవడంలోనే పండుగ ఉంది. అడిగి తీసుకునే హక్కు తనకుందని పిల్లవాడికి తెలిసేది అక్కడే.

ఇవ్వడం కూడా అంతే. ఏడాది పొడుగునా పుచ్చుకునే పిల్లవాడికి ఇచ్చే రోజు ఒకటి కావాలి. బక్రీద్ మా ఇంట్లో అందుకే పెద్ద పండుగ. మాంసం మూడు భాగాలు చేస్తాం అని అందరికీ తెలిసిందే. మా ఇంట్లో పేదల భాగం పొట్లాలు కట్టేదీ, గడప గడపకూ మోసేదీ పిల్లలే, పెద్దవాళ్ళు ముట్టుకోరు. బందరు అబ్బాయి పదేళ్ళప్పుడు ఒక పొట్లం ఇచ్చి వచ్చి, ‘ఆ నానీ నా తల మీద చెయ్యి పెట్టి దుఆ చేసింది, ఇదివరకు మేము కూడా ఇలాగే చేసేవాళ్ళం’ అన్నాడు. రంజాన్ ఫిత్రా కూడా ఎవరి తల లెక్కది వాళ్ళ చేతికే ఇస్తాం, నమాజుకు ముందే వాళ్ళే ఇచ్చి రావాలి. పెంచిన పిల్లల ఫిత్రా బాధ్యత ఎవరిదన్నది ఆలిములు చెబుతారు. చేయి మాత్రం పిల్లవాడిదే కావాలన్నది మా పట్టు.

షబే బరాత్ సంగతి. ఆ రాత్రి ఖబరస్తాన్‌కు వెళ్ళడం గురించి మన జమాఅత్‌లలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ వాదన ఈ వేదిక మీద వద్దు. మేము షాబాన్ నెలలో ఏదో ఒక ఆదివారం చూసుకుని వ్యాను మాట్లాడుకుంటాం. పొద్దున్నే బయలుదేరి గుడివాడ వైపు ఒకటి, పెడన, బందరు. ఎవరి అమ్మానాన్నల సమాధి దగ్గర వాళ్ళు ముందు నిలబడతారు, మిగతా అందరం వెనక నిలబడతాం. పిచ్చిచెట్లు పీకుతారు, నీళ్ళు చల్లుతారు, ఫాతిహా చదువుతారు. స్టేషన్ అబ్బాయికి నిలబడటానికి చోటు లేదు. వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారో లేరో కూడా తెలియదు. మొదటి ఏడు వాడు వ్యాను దిగలేదు. రెండో ఏడు దిగి, నీళ్ళ బిందె వాడు పట్టుకున్నాడు. అప్పటి నుంచి అన్ని ఊళ్ళలోనూ బిందె వాడిదే, ఇంకెవరినీ మోయనివ్వడు. బందరులో ఒకసారి ఎవరి సమాధో, పేరు చెరిగిపోయినదానికి కూడా నీళ్ళు చల్లి వచ్చాడు. మేమేమీ అడగలేదు.

పుట్టినరోజుల విషయం బడి పంతుళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మన పాత రిజిస్టర్లు తిరగేస్తే జూన్‌లో పుట్టినవాళ్ళే సగం మంది కనబడతారు. చేర్చుకునే రోజున తేదీ తెలియకపోతే ఏదో ఒకటి రాసేవారు. మా ఇంట్లో ముగ్గురికి అలాంటి జూన్ తేదీలే. పుట్టినరోజు బదులు ఇంటికి వచ్చిన రోజున స్వీటు పంచుదామా అన్నది పిల్లల్నే నిర్ణయించుకోమన్నాం. పాప ఒప్పుకుంది. పెడన అమ్మాయి ససేమిరా అంది. మీ ఇంటికి వచ్చిన రోజంటే మా ఇల్లు పోయిన రోజు కదా అంది. ఆ పిల్ల వేరే రోజు ఎంచుకుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజది, ఏటా ఆ తేదీకే స్వీటు.

హిందూ పిల్లవాడి పండుగలు ఎలా అని మమ్మల్ని అటువాళ్ళూ ఇటువాళ్ళూ అడుగుతారు. వాడికి అమ్మమ్మ ఉంది, అవనిగడ్డ దగ్గర పల్లెలో. వయసు మీద పడి, చూపు మందగించి, పెంచలేనని కమిటీ ముందు ఆమె చెప్పాకే వాణ్ణి మా దగ్గర ఉంచారు. సంక్రాంతికి మూడు రోజులూ వాడు అక్కడే. భోగినాడు మంట వేసి, కనుమనాడు గారెలు తిని, మా అందరికీ అరిసెలు మోసుకొస్తాడు. ఈద్‌కు ఆ అమ్మమ్మ బస్సెక్కి మా ఇంటికొస్తుంది. ఆమెకు వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో వండుతాం. ఆమె అడగలేదు, మేమే చేస్తాం. వాడి పేరు మార్చలేదు, వాడి దేవుణ్ణీ మార్చలేదు. ఇదేదో మేము కనిపెట్టిన ఉదారత కాదు. కేరళలో మలప్పురం జిల్లా కాళికావులో తెన్నాడన్ సుబైదా అనే తల్లి, తమ దగ్గర పనిచేసే ఇల్లాలు చనిపోతే ఆమె ముగ్గురు బిడ్డల్ని తన పిల్లలతో పాటు పెంచింది, వాళ్ళను హిందువులుగానే పెంచింది. 2019లో ఆమె చనిపోతే గల్ఫ్‌లో ఉన్న శ్రీధరన్ ‘మా ఉమ్మ పోయింది’ అని రాసుకున్నప్పుడే లోకానికి ఆ సంగతి తెలిసింది. తర్వాత సినిమా కూడా తీశారు. కరాచీలో బిల్కీస్ ఈధీగారు, దారితప్పి వచ్చిన మూగ భారతీయ బాలిక హిందువని గ్రహించి గీత అని పేరు పెట్టి, పూజకు ఒక మూల ఏర్పాటు చేశారు. ఆ గీత 2015 అక్టోబరులో మన దేశానికి తిరిగి వచ్చింది. సరిహద్దు అవతల సాధ్యమైంది విజయవాడలో ఒక వీధిలో సాధ్యం కాదా?

ఇంట్లో పర్దా, మహ్రమ్ సంగతులు కూడా దాచకుండా చెప్పాలి. పెంచినంత మాత్రాన మహ్రమ్ అయిపోరు. చిన్నప్పుడు ఈద్ నమాజు కాగానే అందరూ అందరినీ కౌగిలించుకునేవారు. వయసొచ్చాక అమ్మాయిలు, అబ్బాయిలు సలాము చెప్పుకుంటారు, పెద్దవాళ్ళం దుపట్టా మీదుగా తల నిమురుతాం. పై గది అబ్బాయిలది, కింది గది అమ్మాయిలది. పాప విషయంలో అల్లాహ్ దారి చూపాడు. ఆ నెలల్లోనే మా పెద్దమ్మాయికి కాన్పయింది. రెండేళ్ళ లోపు పాలు తాగితే పాల సంబంధం కలుగుతుంది కదా, తన బిడ్డతో పాటు పాపకూ పాలిచ్చింది. ఆ లెక్కన పాప మాకు మనవరాలు. కానీ మమ్మల్ని అమ్మీ, అబ్బా అంటుంది. మా ఇంటి వావివరసలు చెప్పుకుంటూ పోతే కార్యదర్శిగారు గంట కొడతారు.

మీలాద్ గురించి ఒక్క ఏటి మాట చాలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. మా కింది గది మునిగింది. డాబా మీద నాలుగు రోజులున్నాం, పడవల్లో వచ్చిన పొట్లాలు, ఒకరోజు డ్రోను దించిన పొట్లాలు తిన్నాం. 7వ తేదీ వినాయక చవితి. పక్కింటివాళ్ళు బురదలోంచి తీసిన పీట కడిగి పసుపు ముద్దతో పూజ చేసుకున్నారు. 16న మీలాద్. ఇంట్లో పరుపు లేదు, ఫ్రిజ్ లేదు, పుస్తకాల్లేవు. పిల్లలు ఆ వీధిలో పది ఇళ్ళు కడిగి వచ్చారు, అదే మా మీలాద్. కోర్టు కాగితాలు అటక మీద ప్లాస్టిక్ సంచిలో ఉండి బతికాయి.

ఆ కాగితాల గురించే అసలు విన్నపం. పిల్లవాణ్ణి ఎవరి చేతుల్లోంచో నేరుగా తెచ్చుకుని పెంచడం, ఎంత మంచి మనసుతోనైనా, చట్టం ఒప్పదు. దిక్కులేని బిడ్డ కనబడితే 1098కి చెప్పాలి, కమిటీ ముందుకు రావాలి. మన ముందు రెండు దారులున్నాయి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో సంరక్షకులుగా నియమించుకోవడం ఒకటి. బాలల న్యాయ చట్టం కింద దత్తత రెండోది. ఈ రెండో దారి ఏ మతంవారికైనా తెరిచే ఉందని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 19న షబ్నం హాష్మీ కేసులో చెప్పింది. అది ఐచ్ఛికమనీ, తమ మత నియమం ప్రకారం నడుచుకునేవారిని బలవంతం చేయదనీ కూడా అదే తీర్పులో ఉంది. మేము మొదటి దారిలోనే వెళ్ళాం. కమిటీ అప్పగించిన ఇద్దరు అబ్బాయిలకు కమిటీ ఉత్తర్వులే ఉన్నాయి.

మొదటి దారిలో ఒక ఇరకాటం ఉంది. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆ ఉత్తర్వు చెల్లిపోతుంది. బందరు అమ్మాయికి పద్దెనిమిది నిండిన మర్నాడు, కాగితం మీద ఆమెకు మేము ఎవరమూ కాము. వారసత్వమూ రాదు. షరీఅత్‌లో దీనికి తలుపు మూసి లేదు. వారసులు కానివాళ్ళకు ఆస్తిలో మూడో వంతు దాకా వసియ్యత్ రాయవచ్చు, బతికి ఉండగానే హిబా ఇవ్వవచ్చు. మాకు యాభై దాటాయి. ఆస్తి అంటే ఒక ఇల్లు, దానికీ బురద చారలు. వసియ్యత్‌నామా రాసే పని పెట్టుకున్నప్పుడు కన్నపిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాం. మా అబ్బాయి అంతా విని, ‘మూడో వంతులో ఏడుగురంటే మరీ తక్కువ, మా వాటాలోంచి కొంత మేము హిబా చేస్తాం’ అన్నాడు. వాడు చేస్తాడో లేదో అల్లాహ్‌కు తెలుసు. ఇంకా మా వాటా వాడి చేతికి రాలేదు మరి.

ఆ అమ్మాయి ఇప్పుడు గుంటూరులో నర్సు. పోయిన ఈద్‌కు డ్యూటీ పడి రాలేకపోయింది. పొద్దున ఫోను చేసి, తన వాటా ఉప్మా దాచమంది. ఉప్మా దాచడమేమిటని నవ్వాం కానీ, స్టేషన్ అబ్బాయి డబ్బాలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

సంస్థ పెద్దలకు మా విన్నపాలు మూడు. పిల్లల పోషణ నిధిలోంచి ఏటా కొంత సొమ్ము వకీలు ఖర్చులకు, కోర్టు కాగితాలకు, వసియ్యత్ రిజిస్ట్రేషన్లకు కేటాయించండి. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా లేదా అన్నది ముఫ్తీగారిని అడిగి తేల్చండి, కాకపోతే సదఖా నుంచి తీయండి. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళను వేరు వేరు ఇళ్ళకు పంచకుండా, ఇద్దరినీ కలిపి తీసుకునే కుటుంబానికి అద్దె సాయం చేయండి. ఇంకొకటి, రంజాన్ బట్టల జాబితా ఈసారి షాబాన్ మొదటి వారంలోనే పంపండి. అందులో ‘కొలత’ అన్న గడి పక్కన ‘పిల్లల ఇష్టం’ అని ఇంకొక గడి వేయించండి. నమూనా ఒకటి మేమే గీసి తెచ్చాం, కార్యదర్శిగారికి ఇస్తున్నాం.